మా చిన్నవాడి హోంవర్కు



పిల్లల పెంపకం గూర్చి ఈ పత్రికలో పెద్దలు రాసినవి మేము చాలా కాలంగా చదువుతున్నాము. మేము పెద్దలమూ కాము, పండితులమూ కాము. వరంగల్లుకు దక్షిణాన, వర్ధన్నపేట వైపు ఒక పల్లెలో రెండెకరాల పత్తి చేను, ఒక కుట్టుమిషను, ముగ్గురు పిల్లలు గల భార్యాభర్తలము. మాలో ఒకరు పదో తరగతి, మరొకరు ఏడో తరగతి చదివాము. మా మూడో బిడ్డను గూర్చి రాయమని సంఘములోని కొందరు తల్లులు అడిగినందున ఇద్దరం కలిసి కూర్చుని ఇది రాస్తున్నాము. వాడి పేరు రాయడం లేదు. వాడిప్పుడు హైస్కూలు పిల్లవాడు. ఈ పత్రిక వాడి చేతికి కూడా వస్తుంది కదా.

పెద్ద పిల్లలిద్దరి చదువు మాకు తెలియకుండానే నడిచిపోయింది. బడి నుండి వచ్చేవాళ్ళు, అరుగు మీద కూర్చుని రాసుకునేవాళ్ళు, అన్నం తినేవాళ్ళు. చిన్నవాడి సంగతి అట్లా కాలేదు. రెండో తరగతి నుండే సాయంత్రం సంచి విప్పమనగానే వాడికి కడుపు నొప్పి మొదలయ్యేది. అది తగ్గితే దాహం. దాహం తీరితే పెన్సిలు కొన విరిగేది. కొన చెక్కితే రబ్బరు కనపడేది కాదు. నాలుగు వరుసల చూచిరాతకు రెండు గంటలు పట్టేది, అందులో రాసింది పది నిమిషాలు ఉంటే ఎక్కువ. ఒకసారి నోటుపుస్తకం పోయిందని ఏడిస్తే కొత్తది కొన్నాము. వారం తర్వాత ఎద్దుకు గడ్డి వేస్తుంటే పాతది గడ్డివాములో నుండి బయటపడింది. మరోసారి బియ్యం డబ్బాలో దొరికింది.

హోంవర్కు ఒక్కటే అయితే ఇంత దూరం వచ్చేది కాదు. వాడు కూర్చోలేడు. ఆదివారపు బడిలో చాప మీద అందరూ ఉంటే వీడు కిటికీ దగ్గర ఉంటాడు. ఆటలో తన వంతు వచ్చేదాకా ఆగలేడు, ఆపితే తోసేస్తాడు. చెప్పే మాట సగంలో ఉండగానే పరుగెత్తుతాడు. నీళ్ళు తెమ్మంటే చెంబు తీసుకుపోతాడు, దారిలో కోడిపిల్ల కనపడితే చెంబు అక్కడే, వీడు కోడిపిల్ల వెనుక. అదే పిల్లవాడు చేనులో పాడైన మోటారు ముందు గంటసేపు కదలకుండా కూర్చుని మెకానిక్కు చేతులను చూసేవాడు. ఈ ఒక్క సంగతే ఊళ్ళో అందరినీ తప్పుదారి పట్టించింది. "మోటారు కాడ గంట కూసుంటడు, పుస్తకం కాడ కూసోడు. వానికి ఒళ్ళు బలిసింది," అనేవాళ్ళు.

సలహాలకు కొదువ లేదు. గారాబం ఎక్కువైందని కొందరు, గాలి సోకిందని కొందరు, హాస్టల్లో వేస్తే దెబ్బకు దారికి వస్తాడని మరికొందరు. మా నాయినమ్మ ఒక్కతే, "వాళ్ళ తాత గూడ గిట్లనే ఉండె. వాని మీద పడకుండ్రి," అనేది. ఆమె మాటను అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు గానీ, తర్వాత డాక్టరుగారు మొదట అడిగిన ప్రశ్నల్లో అదొకటి.

మండల కేంద్రంలో ఒక ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడికి పంపేవాళ్ళము. పేరు అనవసరం, అటువంటి బడులు ప్రతి మండలంలో ఉన్నాయి. 2018లో వాడు మూడో తరగతిలో ఉండగా పిలిపించి, మీ పిల్లవాడి వల్ల మిగతా పిల్లలు చెడిపోతున్నారు, టీసీ తీసుకుపొండి అన్నారు. ఎనిమిదేళ్ళ పిల్లవాణ్ణి బడి వద్దంటే ఎక్కడికి తీసుకుపోవాలి? మా చుట్టుపక్కల అట్లా బడి మానిన పిల్లలు ఏమయ్యారో మాకు తెలుసు. పత్తి ఏరడానికో, మేకల వెంటనో, కొంచెం పెద్దవాళ్ళయితే హైదరాబాదులో కట్టడాల పనికో పోయారు. ఆ రాత్రి మేమిద్దరం భోజనం చేయలేదు.

దారి దొరికింది కుట్టుమిషను దగ్గర. మాలో ఒకరు రవికలు కుడుతూ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని రాయించేవారము. కుట్టేవాళ్ళ కన్ను గీత మీద ఉంటుంది కదా. మొదటి వరుస గీత మీదనే ఉంది. రెండో వరుసలో అక్షరాలు చిన్నవయ్యాయి. నాలుగో వరుసకు వచ్చేసరికి అక్షరాలు గీత దిగి కిందికి జారాయి, ఒత్తులు ఎగిరిపోయాయి, ప ఏదో ష ఏదో తెలియలేదు. వేళ్ళు తెల్లబడేటంత గట్టిగా పెన్సిలు పట్టుకున్నాడు. "చెయ్యి నొస్తాంది అమ్మా," అన్నాడు. సరేనని పుస్తకం మూసి, ఏడో ఎక్కం నోటితో చెప్పమంటే గబగబ చెప్పాడు, అటూ ఇటూ నడుస్తూ, ఒక్క తప్పు లేకుండా. మరునాడు, ఆ మరునాడు కూడా అంతే. నోటితో వచ్చింది చేతితో రావడం లేదు. కూర్చుంటే పోయేది నడిస్తే వస్తోంది. వాడు రాయనంటున్నాడా, రాయలేకపోతున్నాడా అనే ప్రశ్న మా ఇంట్లో అప్పుడు పుట్టింది. ఆ తర్వాత మేము చేసినదంతా ఆ ప్రశ్న వెంబడి నడిచినదే.

మా అయ్యగారి దగ్గరకు పోయాము. ప్రార్థన చేశారు. చేసిన తర్వాత, "రేపే ఎంజీఎంకు తీసుకుపొండి. మోకాలు విరిగితే కట్టు కట్టించుకోమా? ఇదీ అంతే," అన్నారు. ఉపవాస కూటానికి తీసుకుపోదామన్న మా బంధువులు చిన్నబుచ్చుకున్నారు గానీ మాకు మాత్రం ధైర్యం వచ్చింది.

వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రిని ఎంజీఎం అంటేనే పల్లెల్లో తెలుస్తుంది. 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీకి అనుబంధమైన పెద్దాసుపత్రి అది. మానసిక విభాగం అనగానే పిచ్చివాళ్ళు పోయే చోటని మనవాళ్ళు జంకుతారు. మాకు అక్కడ కనపడినది నిద్ర పట్టని ముసలివాళ్ళు, మూర్ఛ రోగులు, మావంటి తల్లిదండ్రులు. ముందు పిల్లవాడి కన్ను, చెవి పరీక్ష చేయించుకు రమ్మన్నారు. నల్లబల్ల కనపడక, టీచరు మాట వినపడక అల్లరి చేసే పిల్లలు చాలామంది ఉంటారట. వాడికి రెండూ బాగున్నాయి. తర్వాత ప్రశ్నలు. పుట్టినప్పుడు ఏడ్చాడా, ఎప్పుడు నడిచాడు, నిద్ర ఎట్లా, ఇంట్లో ఎవరైనా ఇట్లా ఉండేవారా. ఒక కాగితం మాకు ఇచ్చారు, ఒకటి బడిలో నింపించుకు రమ్మన్నారు. రక్తం తీయలేదు, తలకు ఫోటో తీయలేదు. ఈ ఇబ్బందిని కనిపెట్టే రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ ఇప్పటికీ లేదు. ఎవరైనా వేల రూపాయల స్కానింగు చేయించి దీన్ని తేలుస్తామంటే నమ్మవద్దు.

మూడోసారి పోయినప్పుడు పేరు చెప్పారు. ఎ.డి.హెచ్.డి. అంటే మనసు ఒకదాని మీద నిలవకపోవడం, ఒళ్ళు ఒకచోట నిలవకపోవడం, ఆగలేకపోవడం. దానితో పాటు రాతలో ప్రత్యేకమైన ఇబ్బంది కూడా ఉంది అన్నారు. ఈ రెండూ ఒకే పిల్లవాడిలో కలిసి ఉండడం తరచుగా జరిగేదే. తెలివికి లోటు లేదు. మోటారు సంగతి అడిగాము. డాక్టరుగారు నవ్వి, అందరూ అదే అడుగుతారు అన్నారు. ఇష్టమైన పని, కళ్ళ ముందు మారుతూ ఉండే పని అయితే ఈ పిల్లలు అందులో మునిగిపోతారు. ఇష్టం లేనిదాని మీద మనసును బలవంతంగా నిలిపే శక్తే వీళ్ళలో వయసుకు తగ్గట్టు పెరగలేదు. అందరు పిల్లలూ ఒక్కోరోజు ఇట్లా ఉంటారు, దాన్ని జబ్బు అనరు. పన్నెండేళ్ళ లోపే మొదలై, ఆరు నెలలకు పైగా ఉండి, ఇంట్లోనూ బయటా రెండుచోట్లా కనపడి, జీవితానికి అడ్డుపడుతుంటేనే ఈ పేరు పెడతారు. లోకంలో నూరు మంది పిల్లల్లో సుమారు ఐదుగురికి ఉంటుందని లెక్క. ఇది చాలా మట్టుకు కుటుంబాల్లో దిగివచ్చేదట. మా నాయినమ్మ మాట అప్పుడు గుర్తుకు వచ్చింది.

ఇది ఈ కాలపు రోగమని, సెల్‌ఫోన్లు తెచ్చిన తంటా అని అనుకునేవాళ్ళ కోసం ఒక మాట. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు వైద్యుడు హైన్రిచ్ హాఫ్‌మన్ 1844 క్రిస్మస్‌కు తన మూడేళ్ళ కొడుక్కు బహుమానంగా బొమ్మల పుస్తకం ఒకటి సొంత చేతితో తయారు చేశాడు. మరుసటి ఏడు అది అచ్చయింది. భోజనాల బల్ల దగ్గర కుదురుగా కూర్చోలేక అన్నీ మీద పడేసుకునే ఫిలిప్ అనే పిల్లవాడు తర్వాత ఆ పుస్తకంలో చేరాడు. 1902లో లండనులో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు, తెలివి ఉండీ తమను తాము ఆపుకోలేని పిల్లలను గూర్చి వైద్యుల సభలో ఉపన్యాసాలిచ్చాడు. అప్పటికి మన అజంజాహి మిల్లు కూడా పుట్టలేదు, సెల్‌ఫోను మాట ఎక్కడిది!

డాక్టరుగారు ఆరోజు మందు రాయలేదు. ముందు ఇంట్లో, బడిలో పద్ధతి మార్చి చూద్దామన్నారు. ఇక్కడి నుండి తల్లులు శ్రద్ధగా చదవండి, మమ్మల్ని ఎక్కువగా అడిగేది దీన్ని గూర్చే.

వాడు బడి నుండి రాగానే పుస్తకం మాట ఎత్తడం మానేశాము. కాళ్ళు చేతులు కడుక్కుని, ఏదైనా తిని, గంటసేపు ఆడాలి. బర్రెను తోలుకొచ్చి కట్టేసే పని వాడికి ఇచ్చాము. ఒళ్ళు అలిసిన తర్వాత మనసు కాస్త కుదురుతుంది. ఆరున్నరకు, రోజూ ఆరున్నరకే, వెనుక గదిలో గోడ వైపు ముఖం పెట్టి కూర్చోవాలి. అరుగు మీద కూర్చుంటే వీధంతా హోంవర్కులోకి వస్తుంది. టీవీ ఇంటిల్లిపాదికీ బంద్. ఇది మాకే కష్టమైంది, ముఖ్యంగా నాయినమ్మకు, ఆమె సీరియలు ఆ వేళకే.

పది లెక్కలు ఒక్కసారి కనపడితే వాడికి కొండ కనపడినట్టే. అందుకే పాత క్యాలెండరు అట్టలో అడ్డంగా ఒక కిటికీ కోసి పేజీ మీద పెట్టేవాళ్ళము. ఒక్క లెక్కే కనపడుతుంది. అది అయితే అట్ట కిందికి జరుగుతుంది. పక్కన రెండు గిన్నెలు, ఒకదానిలో పది చింతగింజలు. ఒక లెక్క అయితే ఒక గింజ ఈ గిన్నెలో నుండి ఆ గిన్నెలోకి. వాడే వేసుకోవాలి, ఆ చప్పుడు వాడికి ఇష్టం. ఐదు గింజలకు లేచి నీళ్ళు తాగి, వాకిట్లో రెండు చుట్లు తిరిగి రావచ్చు. పదీ అయితే పడుకునే ముందు బాపు టార్చిలైటు పట్టుకుని మోటారు దగ్గరకు తీసుకుపోతాడు. డబ్బులు, చాక్లెట్లు పెట్టలేదు. ఆదివారం ఇచ్చే బహుమానం ఈ పిల్లలకు పనిచేయదు, ఆదివారం వాళ్ళకు చాలా దూరం. వెంటనే అందాలి.

చెప్పే మాట కూడా మార్చుకోవలసి వచ్చింది. "సంచి తీసి, లెక్కల పుస్తకం తీసి, తేదీ వేసి, నిన్నటిది చూసి మొదలుపెట్టు" అంటే వాడికి సంచి మాత్రమే చేరుతుంది. ఒక మాట, అది అయ్యాక ఇంకో మాట. దూరం నుండి కేక వేయకుండా దగ్గరకు పోయి, భుజం మీద చేయి వేసి, వాడు మన కళ్ళలోకి చూసిన తర్వాత చెప్పాలి. నిలబడి రాస్తానంటే రాయనిచ్చాము. బియ్యం డబ్బా వాడి ఎత్తుకు సరిపోయింది. పుస్తకాన్ని దాచిన డబ్బా మీదనే రాసుకున్నాడు! ఎక్కాలు, పద్యాలు నడుస్తూ చదివాడు. ఆదివారపు బడిలో బంగారు వాక్యాలకు రాగం కట్టి చెప్పించే అక్క ఒకామె ఉండేది. ఆమె పద్ధతిలోనే నెలల పేర్లు, రాష్ట్రాల పేర్లు పాడించాము.

చదువు రాని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు, మాకు ఇంగ్లీషు రాదు కదా, మేమేం చేయగలమని. ఈ పనుల్లో ఏ ఒక్కదానికీ ఇంగ్లీషు అక్కరలేదు. గింజలు వేయించడానికి, పక్కన కూర్చోవడానికి సంతకం రాకపోయినా ఫరవాలేదు. పక్కన పెద్దవాళ్ళు ఉండడమే సగం పని. మాలో ఒకరు కుడుతూ, మరొకరు పత్తి తీస్తూ కూర్చునేవాళ్ళము. ఎవరి పని వాళ్ళది.

మొదటి పదిహేను రోజులు బాగా సాగింది, మూడో వారంలో గిన్నె గోడకు తగిలింది. ఇవి మంత్రాలు కావు. కొన్ని వారాలకు పాతబడిపోతాయి, అప్పుడు మార్చాలి. చింతగింజల తర్వాత గోలీలు, తర్వాత గోడ మీద సుద్దగీతలు. పైగా ఇంట్లో ఇంకో చిక్కు వచ్చింది. "వానికేమో గింజలు, బహుమానం. నేను అడగకుండనే రాసుకుంట, నాకేమో గిన్నెలు తోముడు," అని మా పెద్దపిల్ల ఏడ్చింది. న్యాయమే. వారంలో ఒక సాయంత్రం దాని ఒక్కదానికే అని నిర్ణయించుకుని, కుట్టు నేర్పాము, కబుర్లు చెప్పుకున్నాము. ఇటువంటి బిడ్డ ఉన్న ఇంట్లో కుదురైన బిడ్డలు మౌనంగా వెనుకబడిపోతారు. దీన్ని గూర్చి ఎవరూ చెప్పరు.

బెత్తం సంగతి రాయకపోతే మా సంఘములోని పెద్దలు ఊరుకోరు. సామెతల గ్రంథములో బెత్తమును గూర్చి ఉన్న మాటలు మాకూ తెలుసు. అవి చూపించి మాతో వాదించినవాళ్ళు ఉన్నారు. మా పల్లెలో కురుమలు గొర్రెలను తోలుకుపోయేటప్పుడు మేము ఎన్నోసార్లు చూశాము. కాపరి చేతిలో పొడుగాటి కట్టె ఉంటుంది. దానితో కొమ్మ వంచుతాడు, పామును తోలుతాడు, పక్కదారి పట్టినదాని మూతి ముందు అడ్డం పెడతాడు. గొర్రెను బాదడు. బాదితే అది మంద వదిలి పారిపోతుంది. దావీదు గొర్రెల కాపరిగా పెరిగి ఇరవై మూడో కీర్తనలో దుడ్డుకర్రను, దండమును ఆదరణగా తలచింది అందుకేనని మేము అనుకుంటాము. వాదన ఎట్లా ఉన్నా, మా వాడి విషయంలో లెక్క తేలిక. ట్యూషను చెప్పే ఒకాయన నెల రోజులు కొట్టి చూశాడు. ఆ నెలలో వాడు నేర్చుకున్నది పుస్తకం దాచడం ఒక్కటే. కుంటివాణ్ణి కొడితే పరుగెత్తుతాడా? ఇక బడిలో కొట్టడం, పిల్లవాణ్ణి మాటలతో హింసించడం 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ప్రకారం నిషేధం. ప్రైవేటు బడికి కూడా.

టీసీ గూర్చి కూడా ఆ చట్టంలోనే ఉంది. 16వ సెక్షను ప్రకారం ఎనిమిదో తరగతి ముగిసేదాకా చేరిన పిల్లవాణ్ణి బడి నుండి తీసివేయరాదు. 2019లో ఆ సెక్షనును సవరించి 5, 8 తరగతుల్లో ఫెయిలు చేయడానికి రాష్ట్రాలకు అవకాశం ఇచ్చారు గానీ, వెళ్ళగొట్టడానికి మాత్రం ఇవ్వలేదు. ఈ సంగతి మాకు చెప్పింది మండలంలోని భవిత కేంద్రం టీచరమ్మ. ప్రత్యేక అవసరాలు గల పిల్లల కోసం ప్రభుత్వం మండలాల్లో నడిపే కేంద్రాలవి, మనవాళ్ళలో చాలామందికి ఉన్నట్టే తెలియదు. ఆమె మాటతో మేము టీసీ తీసుకోలేదు, ఆ ఏడాది అక్కడే పూర్తి చేయించాము. సంవత్సరం చివర మా ఇష్టంతో మేమే ఊరి సర్కారు బడిలో వేశాము. అక్కడ నాలుగో తరగతి తెలుగులో ఉంది, ఇంట్లో మాట్లాడే మాటే పుస్తకంలో ఉంది. ఇంగ్లీషు మీడియం మానిపించినందుకు బంధువులు నవ్వారు. మా ఉద్దేశంలో వాడికి అదే ఊపిరి. 2022లో సర్కారు బళ్ళలో కూడా ఇంగ్లీషు మీడియం వచ్చేనాటికి వాడు ఏడో తరగతికి వచ్చాడు. అప్పుడిచ్చిన పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉండడం మాకు ఎంతో మేలైంది. మేమూ వాడితో పాటు చదివాము.

ఊరి బడి సారు వయసులో చిన్నవాడు. మేము డాక్టరుగారి కాగితం చూపించి, పది లెక్కలకు బదులు ఐదు ఇవ్వమని, మిగతా ఐదు నోటితో అడగమని బతిమాలాము. "ఐదు వస్తే పది వచ్చినట్టేనమ్మా, లెక్క అదే కదా," అన్నాడు. ముందు బెంచీలో, కిటికీకి దూరంగా కూర్చోబెట్టాడు. నల్లబల్ల తుడిచే పని, సుద్దముక్కలు తెచ్చే పని వాడికి ఇచ్చాడు. గంటకోసారి లేవడానికి అదొక మర్యాదైన సాకు. ఒక చిన్న నోటుపుస్తకం ఇంటికీ బడికీ మధ్య తిరిగేది. అందులో ఫిర్యాదులు రాయకూడదని, జరిగిన మంచి ఒకటి, రేపటి పని ఒకటి మాత్రమే రాయాలని ఆయనే నియమం పెట్టాడు. ఆ పుస్తకాన్ని మాత్రం మా వాడు ఎప్పుడూ దాచలేదు.

అసలు చిన్న తరగతులకు ఇంత హోంవర్కు ఎందుకు అనేది మరో ప్రశ్న. 1993లోనే యశ్‌పాల్ కమిటీ చదువు పిల్లలకు భారం కాకూడదని నివేదిక ఇచ్చింది. 1, 2 తరగతులకు హోంవర్కు ఇవ్వరాదని 2018 నవంబరులో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. 2020 నాటి బడిసంచి విధానంలో 3 నుండి 5 తరగతులకు వారానికి 2 గంటలు మించకూడదని ఉంది. వారానికి! మా వాడు ఒక్క సాయంత్రానికే అంతసేపు కూర్చున్న రోజులు ఎన్నో.

రాత ఇబ్బందికి ప్రభుత్వం గుర్తింపు కూడా ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో చదవడం, రాయడం, లెక్కల్లో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు కూడా చేరాయి. దీనికి బెంగళూరు నిమ్‌హాన్స్ తయారు చేసిన పరీక్ష ఒకటి వాడతారు. సర్టిఫికెట్టు ఉన్న పిల్లలకు పెద్ద పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు దొరుకుతాయి. వికలాంగుడనే మాట పడుతుందని కొందరు తీసుకోరు. మేమూ చాలా రోజులు ఆలోచించాము. చివరికి వాణ్ణే అడిగాము. "ఇంకో అరగంట ఇస్తరా? మరి తీసుకోండ్రి," అన్నాడు.

2020 మార్చిలో కరోనాతో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1 నుండి టీవీలో పాఠాలు మొదలైతే, ఊళ్ళో తల్లిదండ్రులంతా తలపట్టుకుంటే, మా వాడు మాత్రం గదిలో తిరుగుతూ, తాడు ఆడుతూ పాఠాలు విన్నాడు. అడిగితే చెప్పేవాడు. రాతకు వచ్చేసరికి మాత్రం చాలా వెనుకబడ్డాడు, తోటి పిల్లలు లేక కోపం పెరిగింది. మళ్ళీ ఎంజీఎంకు పోయినప్పుడు, 2021లో, డాక్టరుగారు మందు మొదలుపెట్టారు. మిథైల్‌ఫెనిడేట్ అనే మందు అది, మానసిక వైద్యులు చూసి రాయవలసినది, దుకాణంలో అడిగి కొనుక్కునేది కాదు. మనసు నిలవడానికి సాయం చేస్తుంది, తెలివిని పెంచదు, అక్షరాలను గుండ్రంగా చేయదు. ఆకలి తగ్గింది, నిద్ర ఆలస్యమైంది. అందుకని మధ్యమధ్య ఎత్తు, బరువు చూసేవాళ్ళు. ఉదయం మందుకు ముందే జొన్నరొట్టె, గుడ్డు పెట్టేవాళ్ళము. మందు అవసరమా కాదా అనేది ఒక్కొక్క పిల్లవాడికి వేరు. మా వాడికి వేసినది చూసి మీ వాడికి వేయకండి.

ఇప్పుడు వాడు క్లాసులో మొదటివాడు కాదు, మధ్యలో కూడా కాదు. అక్షరాలు ఇప్పటికీ గీత దిగుతాయి. కోపం వస్తే తలుపు కొట్టి బయటికి పోతాడు, అరగంటకు తిరిగి వస్తాడు. కానీ బడి మానలేదు. చుట్టుపక్కల నాలుగు చేన్ల మోటార్లకు వీడే మందు. పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదువుతానంటున్నాడు. సాయంత్రం ఆరున్నరకు ఎవరూ చెప్పకుండా గదిలోకి పోతాడు, గింజలు లేవు, గిన్నెలు లేవు. కొన్నిసార్లు అరగంటకే బయటికి వస్తాడు. పోనీలే అంటాము.

మీ ఇంట్లో ఇటువంటి బిడ్డ ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక కూర్చోకండి. బడికి, అంగన్‌వాడికి ప్రభుత్వ వైద్య బృందాలు వచ్చి పిల్లలను చూస్తాయి, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుండి ఇది జరుగుతోంది. వాళ్ళు చూసే రకాల్లో ఈ ఇబ్బంది కూడా ఉంది, అడిగి చెప్పించుకోండి. వరంగల్లు దూరమైతే 14416కు ఫోను చేయవచ్చు. టెలిమానస్ అనే ఈ ఉచిత సేవ 2022 అక్టోబరులో మొదలైంది, తెలుగులో మాట్లాడతారు. పెద్ద పరీక్షలకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది.

ఆసుపత్రికి పోయేటప్పుడు పిల్లవాడి నోటుపుస్తకాలు రెండు పట్టుకుపొండి, బాగా రాసిన రోజుది ఒకటి, రాయలేకపోయిన రోజుది ఒకటి. డాక్టరుగారు మా మాటల కంటే వాటినే ఎక్కువసేపు చూశారు. ఓపీ ఉదయం వేళనే, చీటీ వరుస పొడుగ్గా ఉంటుంది. పిల్లవాడు నిలబడలేడు కాబట్టి ఇద్దరు పోవడం మంచిది, ఒకరు వరుసలో, ఒకరు వాడితో చెట్టు కింద. తినడానికి ఏదైనా వెంట ఉంచుకోండి.